మంజీర తీరం

పాఠ్యభాగ ఉద్దేశం

సముద్రానికి ఎంతో దూరాన ఉన్న మెట్టసీమలో కూడా చూడదగిన తీరాలు ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతానికి చేరువగా ప్రవహించే మంజీర నది ఒడ్డున ప్రకృతి ఇంకా తన సహజరూపంతో నిలిచి ఉండడానికి గల కారణాలను, ఆ తీరానికి పొంచి ఉన్న ముప్పును, సందర్శకులు పాటించవలసిన మర్యాదను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

సముద్రం లేని సీమలో తీరం

తీరం అనగానే ఎవరి మనసులోనైనా సముద్రమే మెదులుతుంది. అలల హోరు, ఇసుక తిన్నెలు, ఒడ్డుకు లాగిన పడవలు, దూరాన దీపస్తంభం కళ్ళకు కడతాయి. విహారయాత్ర మాట వచ్చినప్పుడు జహీరాబాద్ విద్యార్థి కూడా విశాఖపట్నాన్నో, గోవానో తలచుకుంటాడు. అది సహజమే. 2014 జూన్ 2న ఏర్పడిన తెలంగాణ రాష్ట్రానికి సముద్రతీరం లేదు. జహీరాబాద్ ఆ రాష్ట్రపు పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో, దక్కను పీఠభూమి మీది ఎర్రనేలల నడుమ ఉన్న పట్టణం. ఆ ఊరి మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం వరకు వెళ్తుంది. కాని అక్కడి కెరటాలను చూడాలంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి.

అయితే ‘తీరం’ అన్న మాట సముద్రానికే చెందినది కాదు. ఏరు, చెరువు, నది, కడలి - నీరు నేలను తాకే ప్రతిచోటా ఉన్నది తీరమే. తెలుగులో దానినే ఒడ్డు, దరి, గట్టు అంటారు. ఈ అర్థంలో చూస్తే జహీరాబాద్ సీమకు కూడా ఒక తీరం ఉంది. పట్టణం నుంచి ఉత్తరంగా ఝరాసంగం మీదుగా రాయికోడ్ వైపు సాగితే ఎర్రనేలలు క్రమంగా నల్లరేగళ్ళుగా మారతాయి. పొలాల చివర హఠాత్తుగా ఆకాశం నేలమీదికి దిగినట్లు విశాలమైన నీటి పరపు కనిపిస్తుంది. అది మంజీర. ఆ ఒడ్డున విడిది గృహాల వరుసలు లేవు, బజారు లేదు. నీటి అంచున మేసే పశువులు, వల సర్దుకునే జాలరి, దూరాన రెక్కలార్చే కొంగలు తప్ప వేరొక సందడి ఉండదు. ఇంత దగ్గరలో ఉన్న తీరం ఇంతగా చెడకుండా ఎట్లా మిగిలింది? ఇకముందు కూడా మిగులుతుందా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం తెలిసినవారికే ఆ తీరం పూర్తిగా కనిపిస్తుంది.

నది నడక

మంజీర గోదావరికి ఉపనది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు ప్రాంతాన్ని దాటి, కర్ణాటకలోని బీదర్ జిల్లా మీదుగా తెలంగాణలో ప్రవేశిస్తుంది. మహారాష్ట్రలో దీనిని మాంజరా అంటారు. సంస్కృతంలో మంజీరం అంటే కాలి అందె. గలగలమని పారే నదికి ఆ పేరు తగినదే. సంగారెడ్డి సమీపం వరకు ఆగ్నేయదిశగా నడిచిన ఈ నది అక్కడ ఒక పెద్ద వంపు తిరిగి ఉత్తరాభిముఖమవుతుంది. మెదక్ జిల్లాలో ఏడుపాయల వద్ద పాయలుగా చీలి, వనదుర్గామాత ఆలయాన్ని చుట్టి, మళ్ళీ ఒక్కటై నిజాంసాగర్ జలాశయాన్ని చేరుతుంది. అక్కడి నుంచి సాగి నిజామాబాద్ జిల్లాలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. పుట్టిన చోటి నుంచి కలిసే చోటి వరకు దాని నడక సుమారు 724 కిలోమీటర్లు.

జహీరాబాద్ సీమకు ఈ నదితో ఉన్న అనుబంధం విచిత్రమైనది. కోహీర్, జహీరాబాద్ ప్రాంతాల మీద కురిసిన వాన నారింజ వాగుగా మారుతుంది. ఆ వాగు తెలంగాణలో ఆగక బీదర్ జిల్లాలోకి వెళ్ళి, అక్కడ కారంజా అన్న పేరుతో ప్రవహించి మంజీరలో కలుస్తుంది. ఆ మంజీర మళ్ళీ తెలంగాణలోకి వస్తుంది. అంటే జహీరాబాద్ పొలం మీద పడిన వానచినుకు పొరుగు రాష్ట్రానికి వెళ్ళి, పేరు మార్చుకొని, తిరిగి పుట్టింటికి వచ్చినట్లు సొంత జిల్లాకే చేరుతుంది. న్యాల్‌కల్ మండలంలోని రాఘవపూర్ వద్ద ఈ నదిని గరుడగంగగా కొలుస్తారు. సమీపంలోని ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరాలయం ఉంది. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదని లోకాచారం కాగా, ఇక్కడి స్వామిని మొగలిపూలతోనే అర్చించడం విశేషం. నీరు అరుదైన చోట నీటిని దైవంగా భావించడం అక్కడి ప్రజల సంస్కృతిలో భాగమైంది.

రెండు ఆనకట్టల నడుమ

నేడు జహీరాబాద్‌కు ఉత్తరాన, తూర్పున కనిపించే విశాలజలం నది సహజంగా ఏర్పరచినది కాదు. పుల్కల్ మండలంలోని సింగూరు వద్ద మంజీరకు అడ్డంగా ఒక పెద్ద ఆనకట్ట ఉంది. దాని నిర్మాణం 1970ల చివరలో మొదలై తర్వాతి దశాబ్దంలో రూపుదిద్దుకుంది. ఈ జలాశయం సుమారు 30 టి.ఎం.సి.ల నీటిని నిలుపగలదు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. లీటర్లలో చెప్పాలంటే దాదాపు 2,830 కోట్లు. సింగూరుకు దిగువన, సంగారెడ్డికి చేరువలో కల్పగూరు వద్ద మంజీర బ్యారేజి ఉంది. ఇది సింగూరు కంటె ముందే, హైదరాబాద్ నగరపు మంచినీటి అవసరాల కోసం వెలసింది. 1965లో, 1981లో మంజీర పథకం రెండు దశలలో నగరానికి నీటిని అందించింది. 1991లో, 1993లో సింగూరు జలాలు కూడా తోడయ్యాయి. రాజధానిలో ఒక తరం దాహం తీర్చినది ఈ నదే.

సింగూరు నిండినప్పుడు చూపరికి ఆనందం కలుగుతుంది. కాని ఆ నీటి అడుగున ఒకప్పటి పొలాలు, బావులు, దారులు ఉన్నాయన్న సంగతి మరవరాదు. జలాశయం కోసం అనేక గ్రామాల ప్రజలు భూములను, ఇళ్ళను వదులుకున్నారు. తాతముత్తాతల నాటి నల్లరేగడి చెలక నీటిపాలైన రైతుకు ఈ తీరం అందమైన దృశ్యం మాత్రమే కాజాలదు. అది అతని త్యాగానికి గుర్తు. ఎండాకాలంలో నీరు వెనుకకు తగ్గినప్పుడు బయటపడే శికం భూములలో కొందరు ఇప్పటికీ పంట వేసుకుంటారు. నీరు ముందుకు వస్తే పంట పోతుంది. వెనుకకు జరిగితే పంట చేతికి వస్తుంది. ఈ విధంగా ఆ ఒడ్డు ఏడాదికొకసారి కదులుతూ ఉంటుంది. సముద్రతీరానికి ఆటుపోట్లు పూటపూటకు వస్తాయి. సింగూరు తీరానికి ఆటు ఎండాకాలం, పోటు వానాకాలం.

సింగూరు ఆనకట్ట దిగువ నుంచి మంజీర బ్యారేజి వరకు గల సుమారు 36 కిలోమీటర్ల నదీభాగాన్ని 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దీని వైశాల్యం సుమారు 20 చదరపు కిలోమీటర్లు. నది నడుమ తొమ్మిది చిన్న లంకలు ఉన్నాయి. వాటి మీద తుమ్మచెట్లు దట్టంగా పెరిగాయి. ఒడ్డు పొడవునా జమ్ము, తుంగ ఒత్తుగా అల్లుకొని ఉంటాయి. కల్పగూరులో కాకతీయ శైలిలో కట్టిన కాశీ విశ్వేశ్వరాలయాన్ని దర్శించిన యాత్రికుడు మరికొంత దూరం నడిస్తే ఈ జలారణ్యపు అంచుకు చేరుకుంటాడు.

పక్షుల నెలవు

కార్తికమాసపు చలి మొదలైన నాటి నుంచి మాఘం ముగిసే వరకు మంజీర తీరం పక్షుల కలకలంతో నిండి ఉంటుంది. లంకల మీది తుమ్మచెట్లపై పెయింటెడ్ స్టార్క్ అని పిలిచే పెద్ద కొంగలు గూళ్ళు కడతాయి. పసుపుపచ్చని పొడవైన ముక్కు, తెల్లని మేను, రెక్కల మీద నల్లని చారలు, తోక దగ్గర గులాబిరంగు ఈకలతో అవి కుంచెతో దిద్దినట్లు కనిపిస్తాయి. చుట్టూ నీరు ఉండడం వల్ల నక్కలు, పిల్లులు గూళ్ళను చేరలేవు. లంకలను అవి ఎంచుకోవడానికి కారణం ఇదే. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా రెండు దవడల మధ్య కొద్దిపాటి సందు మిగులుతుంది. నత్తలను పట్టి తినడానికి అనువైన అమరిక అది. తెడ్డుమూతి కొంగ తన వెడల్పాటి ముక్కును లోతు తక్కువైన నీటిలో ఇటూ అటూ ఆడిస్తూ చిరుచేపలను, పురుగులను ఏరుకుంటుంది. నీటికాకులు మునకవేసి చేపలను పట్టి, మోడుల మీద రెక్కలు ఆరబెట్టుకుంటాయి. ఒకే నీటిలో ఇన్ని పక్షులు వైరం లేకుండా బ్రతకడానికి కారణం ఉంది. ఒకదాని ముక్కు పొడవు వేరొకదానికి లేదు. ఒకదాని ఆహారం వేరొకదానికి పట్టదు. ఒడ్డున బెత్తెడు లోతు, నడుమ నిలువు లోతు, అంచున బురద - ఇన్ని రకాల నీరు ఉన్నచోటనే ఇన్ని రకాల పక్షులు ఉంటాయి. నది అంచును యంత్రాలతో చదును చేస్తే నీరు మిగలవచ్చు గాని ఈ వైవిధ్యం మిగలదు.

శీతకాలంలో వచ్చే అతిథులు వేరు. తల మీద రెండు నల్లని పట్టీలు గల బార్‌హెడెడ్ బాతు టిబెట్, మంగోలియా ప్రాంతాల సరస్సులలో పుట్టి, హిమాలయాలను దాటి దక్కనుకు చేరుతుంది. నారింజపండు వంటి మేనిరంగు గల మరొక బాతు కూడా చలికాలంలో ఇక్కడికి వస్తుంది. తెలుగు విద్యార్థి దానిని పుస్తకాలలో ఎన్నోమార్లు కలుసుకొని ఉంటాడు. అదే చక్రవాకం, అచ్చతెలుగులో జక్కవ. రాత్రివేళ జంట విడిపోయి, ఒక ఒడ్డున మగపక్షి, మరొక ఒడ్డున ఆడపక్షి విలపిస్తాయని కవిసమయం. వాటి కేక నిశ్శబ్దమైన నదిమీద ఒక ఒడ్డు నుంచి మరొక ఒడ్డుకు వినిపించడం గమనిస్తే, ఆ కల్పన ఎట్లా పుట్టి ఉంటుందో ఊహించవచ్చు. ప్రబంధాలలో చదివి, అర్థం బట్టీపట్టి, పరీక్షలో రాసి మరచిపోయిన పక్షి ఇంటికి చేరువలోనే ఉందని తెలియడం చిన్న విషయం కాదు. పదానికి ప్రాణం వచ్చేది అటువంటి క్షణంలోనే.

మొసలి కాపలా

మంజీర తీరానికి మరొక నివాసి ఉంది: మంచినీటి మొసలి. దీనిని మగ్గర్ అంటారు. చర్మం కోసం సాగిన వేట వల్ల దేశంలో మొసళ్ళ సంఖ్య బాగా తగ్గిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ కల్పించింది. 1975లో భారత ప్రభుత్వం మొసళ్ళ సంరక్షణ పథకాన్ని ప్రారంభించింది. ఆ కృషిలో భాగంగానే మంజీర కూడా మొసళ్ళకు ఆశ్రయమైంది. నేటికీ ఎండ పొడిచిన శీతకాలపు ఉదయాన బండల మీద, మట్టి దిబ్బల మీద అవి కదలక మెదలక పడుకొని ఉండడం చూడవచ్చు.

మొసలి జీవితమంతా తీరంతో ముడిపడి ఉంది. తల్లి మొసలి నీటికి దగ్గరగా, వరద అందని ఏటవాలు గట్టులో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. వాటిని పొదగదు, మట్టిలోని వేడిమే వాటిని పొదుగుతుంది. పుట్టబోయే పిల్ల ఆడదా, మగదా అన్నది కూడా ఆ వేడిమిని బట్టే నిర్ణయమవుతుంది. పిల్లలు లోపలి నుంచి కూత పెట్టగానే తల్లి మట్టి తొలగించి, వాటిని నోట కరచుకొని నీటిలో వదులుతుంది. ఎండలు ముదిరినప్పుడు ఇవే గట్లలో బొరియలు తవ్వుకొని తలదాచుకుంటాయి. కనుక ఒడ్డు నుంచి ఇసుకనో, మట్టినో తవ్వుకొని పోయేవారు నేలను మాత్రమే తీసుకుపోవడం లేదు. ఒక జీవజాతి పురిటిగదిని కూలుస్తున్నారు.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. మొసలి ఉన్న నీటిలోకి జనం ఊరికే దిగరు. ఈత పోటీలు, పడవ పందాలు అక్కడ పొసగవు. తెలియకుండానే మొసలి తన నదికి కాపలాదారు అయింది.

చెడని తీరాలు ఎందుకు చెడవు?

మంజీర తీరం ఇంతవరకు సహజంగా నిలవడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. అది నగరాల మంచినీటి వనరు కావడం మొదటిది. చట్టం చేత సంరక్షితమైన ప్రదేశం కావడం రెండవది. పేరు ప్రఖ్యాతులు లేకపోవడం మూడవది. మొదటి రెండు రక్షణలు మనుషులు ఆలోచించి కల్పించినవి. మూడవది కాకతాళీయం. కాకతాళీయమైన రక్షణ ఎక్కువకాలం నిలవదని ప్రపంచంలోని ఇతర తీరాల అనుభవం చెబుతున్నది.

ఇటలీ దేశపు వాయవ్యతీరంలో చింక్వే తెర్రె అన్న ప్రాంతం ఉంది. ఆ మాటకు ఐదు సీమలని అర్థం. కొండవాలున రాతిగోడలు పేర్చి ద్రాక్షతోటలు పెంచుకున్న ఐదు చిన్న పల్లెలు అవి. 1997లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. కీర్తి పెరిగింది, జనం పెరిగారు. ఇరుకైన కొండదారులలో నడవడానికి చోటులేనంత రద్దీ ఏర్పడి, ఏకాంతం కోరి వచ్చినవారికి అది దొరకని స్థితి వచ్చింది. థాయ్‌లాండ్‌లోని మాయా బే కథ మరింత తీవ్రమైనది. 2000లో విడుదలైన ఒక హాలీవుడ్ చిత్రంలో కనిపించిన తర్వాత ఆ చిన్న తీరానికి పడవలు బారులు తీరాయి. లంగర్ల తాకిడికి, జనసమ్మర్దానికి పగడపు దిబ్బలు దెబ్బతిన్నాయి. 2018 జూన్‌లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసివేసింది. మూడేళ్ళకు పైగా విశ్రాంతి ఇచ్చి, 2022 జనవరిలో కఠినమైన పరిమితులతో తిరిగి తెరిచింది. మనిషి తొలగినప్పుడు పగడాలు మళ్ళీ చిగురించసాగాయి. సొరచేపలు తిరిగి వచ్చాయి.

ఈ రెండు ఉదాహరణల నుంచి గ్రహించవలసిన నీతి ఒక్కటే. అందమైన చోటును చూడబోవడం తప్పు కాదు. అక్కడికి ఎందరు, ఎప్పుడు, ఏ విధంగా వెళ్ళాలన్న నియమం లేకపోవడం తప్పు. పేరు రాకముందే నియమం ఏర్పడిన తీరం బ్రతుకుతుంది. పేరు వచ్చిన తర్వాత నియమం వెతుక్కునే తీరం ముందుగా గాయపడుతుంది.

నీరు తొలగిన ఏడాది

అయితే మంజీరకు రద్దీ కంటె పెద్ద ముప్పు మరొకటి ఉంది. అది నీరు లేకపోవడం. వరుసగా వానలు తప్పిన కాలంలో సింగూరు క్రమంగా అడుగంటింది. 2016 వేసవి నాటికి సింగూరు నుంచి, మంజీర బ్యారేజి నుంచి హైదరాబాద్‌కు నీరు పంపలేని పరిస్థితి ఏర్పడింది. 2015 చివరిలో గోదావరి జలాలు నగరానికి చేరి ఉండడం వల్ల రాజధాని గట్టెక్కింది. కాని నదికి, నదిని నమ్ముకున్న జీవులకు వేరే దారి లేదు. పగుళ్ళు బారిన మట్టి, మోడులైన తుమ్మలు, నడుమ ఎక్కడో మిగిలిన మడుగు - తీరం ఉన్నది గాని తాకడానికి నీరు లేదు.

అదే నది ఎగువభాగంలో పరిస్థితి ఇంకా దయనీయం. మంజీర మీది జలాశయం ఎండిపోవడంతో లాతూరు పట్టణం దాహంతో అలమటించింది. 2016 ఏప్రిల్‌లో మీరజ్ నుంచి రైలు ట్యాంకర్లలో నీరు నింపి అక్కడికి తరలించవలసి వచ్చింది. ఒక నదికి చేరువలో ఉన్న ఊరికి రైలులో నీరు తెచ్చిన దృశ్యాన్ని దేశమంతా నివ్వెరపోయి చూసింది. ఆ ఏడు సెప్టెంబరులో భారీ వర్షాలు కురిశాయి. సింగూరు కొద్ది రోజులలోనే నిండి, గేట్లు ఎత్తవలసి వచ్చింది. ఆరు నెలల వ్యవధిలో అదే నది ఎండనూ చూపింది, వరదనూ చూపింది.

ఈ అనుభవం ఒక సత్యాన్ని తెలియజేస్తుంది. మంజీర నీటికి హక్కుదారులు అనేకులు. ఎగువ రాష్ట్రాల పొలాలు, పట్టణాలు ముందుగా తమ వంతు తీసుకుంటాయి. సింగూరు కాలువలు అందోల్, పుల్కల్ ప్రాంతాల పంటలకు నీరిస్తాయి. పరిసర జిల్లాల గ్రామాల మంచినీటి పథకాలు దీనినే నమ్ముకున్నాయి. జహీరాబాద్ మెట్టభూములకు సింగూరు నీటిని ఎత్తిపోసే సంగమేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. వీటిలో ఏ కోరికా అన్యాయమైనది కాదు. దాహంతో ఉన్న పల్లెకు నీరు అడిగే హక్కు ఉంది. ఎండుతున్న పైరుకు తడి కోరే హక్కు ఉంది. కాని వాటాలు పంచుకునే సభలో కొంగకు, మొసలికి కుర్చీ ఉండదు. వాటి తరఫున మాట్లాడవలసినది ఆ తీరాన్ని చూసి, తెలుసుకొని వచ్చిన మనిషే.

తీరం పొలంలో మొదలవుతుంది

నదిని కాపాడడం ప్రభుత్వాల పని అని చాలామంది భావిస్తారు. అందులో కొంత నిజం ఉంది. అయితే నది ఆరోగ్యం దానిలోకి నీరు పంపే పొలాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. చెరకు వంటి పంట దాదాపు ఏడాదిపాటు నేలమీద ఉండి, పదే పదే తడులు కోరుతుంది. జొన్న, సజ్జ, కొర్ర, సామ వంటి పంటలు వాననీటితోనే పండుతాయి. జహీరాబాద్ పరిసర గ్రామాల మహిళారైతులు ఈ విషయంలో దేశానికే ఆదర్శంగా నిలిచారు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో చేరిన పేద దళిత మహిళలు, బీడుపడిన ఎర్రచెలకలలో ఒకే పొలంలో పలురకాల చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు కలిపి పండించారు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచుకున్నారు. ఏటా సంక్రాంతి వేళ పాత పంటల జాతర జరిపి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా ఊరేగించారు. 2008లో మాచనూరులో తమదైన సంఘం రేడియోను నెలకొల్పుకున్నారు. 2019లో వారి కృషికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం అందించింది.

ఆ మహిళలు నదిని కాపాడాలని జొన్న విత్తలేదు. తమ పిల్లల కడుపు నింపాలని విత్తారు. అయినా బోరు తవ్వకుండా, కాలువ అడగకుండా పండిన ప్రతి గింజ పరోక్షంగా నదికి నీరు మిగిల్చినట్లే. రసాయనాలు వాడని చేను మీదుగా పారిన వాననీరు వాగులోకి విషాన్ని మోసుకుపోదు. ఈ విధంగా చూస్తే మంజీర తీరం నీటి అంచున మొదలు కాదు. అది జహీరాబాద్ సీమలోని పొలంగట్టు దగ్గరే మొదలవుతుంది.

చూపరి మర్యాద

ఇంటికి వచ్చిన అతిథికి మర్యాద చేయడం తెలుగువారి సంప్రదాయం. అతిథికి కూడా కొన్ని మర్యాదలు ఉంటాయి. మంజీర తీరానికి వెళ్ళే విద్యార్థి అక్కడ అతిథి మాత్రమే. గృహస్థులు పక్షులు, మొసళ్ళు, ఒడ్డున బ్రతికే పల్లెవాసులు. సంరక్షణ కేంద్రంలో అడుగుపెట్టే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, అది కూడా ఉదయం పూట వెళ్ళడం మేలు. ఎంత ప్రశాంతంగా ఉన్నట్లు కనిపించినా నీటిలోకి దిగరాదు. మొసలి పడుకున్న బండకు దగ్గరగా పోవడం, దానిని కదిలించడానికి రాళ్ళు రువ్వడం ప్రమాదకరం. గూళ్ళున్న లంకల వైపు అరుపులు, పాటలు సాగరాదు. బెదిరిన తల్లిపక్షి గూడు వదలి లేస్తే, నిమిషాలలో ఎండ గాని, కాకి గాని పిల్లలను చంపగలదు. వెంట తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సంచి, నీళ్ళ సీసా వెంటనే తిరిగి రావాలి. అదే నీటిని దిగువన ఎవరో తాగుతారన్న స్పృహ ఉంటే ఈ నియమాన్ని ఎవరూ గుర్తు చేయనక్కరలేదు.

ఒక చిన్న పుస్తకం, కలం, వీలైతే ఒక దూరదర్శిని ఉంటే చాలు. ఏ పక్షి ఏ నెలలో కనిపించింది, నీరు గత ఏడాది కంటె ఎంత దూరం జరిగింది, ఒడ్డున కొత్తగా ఏ తవ్వకం మొదలైంది అన్న విషయాలను ఏటా నమోదు చేసే విద్యార్థి బృందం ఒకటి ఉంటే ఆ పుస్తకమే కొన్నేళ్ళకు తీరం చరిత్ర అవుతుంది. తీరంలో జరిగే మార్పు ఒక్కరోజులో కనిపించదు. ఏటేటా చూసే కళ్ళకు మాత్రమే అది పట్టుబడుతుంది.

దూరపు కొండలు నునుపు అని సామెత. దూరపు తీరాలు కూడా అటువంటివే. సముద్రాన్ని చూడాలన్న కోరిక మంచిదే. ఏదో ఒకనాడు జహీరాబాద్ విద్యార్థి తూర్పుకడలిని కూడా చూస్తాడు, ఇటలీ తీరాన్ని కూడా చూడవచ్చు. కాని ఆ తీరాలను కాపాడేవారు అక్కడ ఉన్నారు. మంజీర ఒడ్డును పసితనం నుంచి ఎరిగిన మనుషులు మంజీర దగ్గరే దొరకాలి. శీతకాలపు ఉదయాన రాయికోడ్ దగ్గర మంచు విడుతున్నప్పుడు, అవతలి ఒడ్డు నుంచి జక్కవ కూస్తుంది. ఆ కూతను గుర్తుపట్టే చెవులు ఈ సీమలో ఎన్ని ఉన్నాయన్న దానిమీదే ఆ తీరం భవిష్యత్తు ఆధారపడి ఉంది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. మంజీర నది ఎక్కడ పుట్టి, ఎక్కడ గోదావరిలో కలుస్తుంది?
2. నారింజ వాగుకు, మంజీరకు గల సంబంధం ఏమిటి?
3. పెయింటెడ్ స్టార్క్‌లు లంకల మీద గూళ్ళు కట్టడానికి కారణం ఏమిటి?
4. ‘మొసలి తన నదికి కాపలాదారు’ అన్న మాటలోని అంతరార్థాన్ని వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూపంలో సమాధానాలు రాయండి.
1. మంజీర తీరం సహజరూపంలో నిలవడానికి గల కారణాలను, దానికి పొంచి ఉన్న ముప్పును వివరించండి.
2. ‘తీరం పొలంలో మొదలవుతుంది’ - సమర్థించండి.

ఇ) ప్రాజెక్టు పని
మీ ఊరికి దగ్గరలోని వాగు, చెరువు లేదా నది ఒడ్డును మూడు వేర్వేరు నెలలలో దర్శించి, నీటిమట్టం, పక్షులు, పంటలలో కనిపించిన మార్పులను గురించి నివేదిక రాయండి.